గుండె డాక్టరుగారి అత్తగారు

“పెద్ద డాక్టరుగారు ఎప్పుడొస్తారమ్మా?”

పన్నెండేళ్ళుగా రోజుకొక్కసారైనా చెవిన పడే ప్రశ్నే ఇది. అయినా విన్న ప్రతిసారీ డాక్టరమ్మకు ఒళ్ళు మండుతూనే ఉంటుంది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి గుండెలో ఉన్న రెండు స్టెంట్లూ ఆమె వేసినవే. పోయిన నెలలో, బరువైన సీసపు కోటు తొడుక్కుని, మూడు గంటలు కదలకుండా నిలబడి వేసింది. ఆయన మాత్రం ఆ పూట పక్కన నిలబడి చూసిన తెల్లజుట్టు పెద్దాయనే తన ప్రాణం నిలబెట్టాడని నమ్ముతున్నాడు. “మీకు వేసింది నేనేనండీ” అంటే ఎంతో దయగా నవ్వి, “అలాగా, మీరు కూడా సాయం చేశారన్నమాట” అన్నాడు. ఇంకేం చెబుతుంది? ఆ దయకో దండం పెట్టి మందులు రాసిచ్చింది.

ఆమె మామూలు డాక్టరేం కాదు మరి. ఆస్పత్రి వరండాలో ఆమె ఫొటో కింద రాసిన చదువులన్నీ ఒక్క గుక్కలో చదవడం ఎవరి తరమూ కాదు. మూసుకుపోయిన గుండె రక్తనాళాలు తెరిచేవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా ఉన్నారు. కానీ ఏళ్ళ తరబడి సున్నం పేరుకుని రాయిలా గట్టిపడిన నాళంలోకి వెంట్రుకలాంటి తీగ పంపి, దాని మీదుగా వజ్రపు పొడి అద్దిన చిట్టి డ్రిల్లును గిర్రున తిప్పుతూ దారి తొలవాలంటే మాత్రం ఆ ఆస్పత్రిలో ఆమే దిక్కు. చెయ్యి ఒక్క పిసరు తొందరపడినా నాళం చిరిగిపోతుంది. ఆ పని నేర్చుకోవడానికి రెండేళ్ళు వేరే నగరంలో హాస్టల్లో ఉంది. అప్పటికి కూతురికి పదకొండు నెలలు. పిల్లను అత్తగారి ఒళ్ళో పెట్టి, వెనక్కి తిరిగి చూస్తే ఆగిపోతానేమోనని చూడకుండా వెళ్ళిపోయింది. పిల్ల తొలి అడుగులు వేసిన సంగతి ఫోన్లో విని, హాస్టల్ బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

ఈ కథను భర్త నలుగురిలో ఇంకోలా చెబుతాడు. “మా అమ్మే లేకపోతే ఈవిడ ఈపాటికి జ్వరం మాత్రలు రాసుకుంటూ ఉండేది” అని గట్టిగా నవ్వుతాడు. ఆ మాటలో అబద్ధం లేదు, మంటంతా అదే. పిల్లను పెంచింది వాళ్ళమ్మ, రాత్రింబవళ్ళు చదివింది ఈమె, గొప్ప మాత్రం ఆయనగారిది! ఎప్పుడైనా ఇంటిపని గురించి ఆమె నోరు విప్పబోతే, “అమ్మ చేస్తోందిగా, నీకేం తక్కువైంది?” అంటాడు. ఆ అనడం ఎలా ఉంటుందంటే, వాళ్ళమ్మ రెండు చేతులూ ఆయన స్వయంగా ఇంటికి తెచ్చిపెట్టినట్టుంటుంది. ఆమె కూడా నోరు మూసుకునేది. నిజమే, అత్తయ్య చేస్తోంది కదా అనుకునేది.

పెద్దమనిషి అలా వెళ్ళాడో లేదో ఫోను మోగింది. కూతురు. ఆ రోజు బడికి సెలవు, పిల్ల ఇంట్లోనే ఉంది.

“అమ్మా, నానమ్మ వంటింట్లో కూలబడిపోయింది. ఒళ్ళంతా చెమటలు. నీకు ఫోన్ చెయ్యొద్దంటోంది. గ్యాసేలే అంటోంది.”

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. రోజూ ఇలాంటి మాటలు ఎందరి నోటి వెంటో వింటుంది. ఎవరి ముందూ ఆమె గొంతు తడబడలేదు. ఇప్పుడు మాత్రం “అంబులెన్స్ పంపిస్తున్నా, నానమ్మను కదలనివ్వకు” అనే చిన్న మాట పూర్తి చెయ్యడానికి రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

అరగంటలో అత్తగారు స్ట్రెచర్ మీద వచ్చారు. వస్తూనే ఆవిడ అన్న మొదటి మాట, “స్టవ్ మీద గిన్నె దించానో లేదో, పిల్లనడుగు.” ఈసీజీ కాగితం చేతికొచ్చింది. డాక్టరమ్మ రోజుకు నలభై చూస్తుంది అలాంటి కాగితాలు. ఇది చూసేసరికి ఆ గీతలు అలుక్కుపోయినట్టయ్యాయి. గుండె ముందువైపు గోడకు రక్తం అందడం లేదని పెద్దక్షరాలతో రాసినంత స్పష్టంగా ఉంది అక్కడ.

వార్డులో పనిచేసే చిన్న డాక్టరు, చేరి ఇంకా ఏడాది కూడా నిండని అమ్మాయి, వివరాలు రాసుకుంటోంది. ఈలోపు భర్త ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చాడు. టై ఇంకా మెడలోనే ఉంది, మొహం పాలిపోయి ఉంది. పాపం, తల్లంటే ప్రేమ లేక కాదు. చిన్న డాక్టరు అత్తగారినే అడిగింది, “అమ్మా, పని చేసేటప్పుడు ఎప్పుడైనా నొప్పి వచ్చేదా?”

జవాబు కొడుకు చెప్పాడు. “అమ్మకేం పనండీ! ఇంట్లోనే ఉంటుంది.”

చిన్న డాక్టరు అదే రాసుకుంది. పని చేసినప్పుడు నొప్పి, లేదు.

ఆ రాయడం చూస్తూ డాక్టరమ్మ కొయ్యబారిపోయింది. ఎందుకంటే నాలుగు నెలల కిందట అచ్చంగా ఇదే ప్రశ్న ఆమే అడిగింది. ఒకరోజు అత్తగారు దవడ కింద లాగుతోందనీ, వీపు మధ్యలో పట్టేసినట్టుంటోందనీ అన్నారు. డాక్టరమ్మ చెప్పులు వేసుకుంటూ అడిగింది, “పని చేసేటప్పుడు వస్తోందా అత్తయ్యా?” “నాకేం పనమ్మా, ఇంట్లోనే కదా పడి ఉండేది” అన్నారావిడ. “అయితే గ్యాసే. పరగడుపున ఈ మాత్ర వేసుకోండి” అని తన బ్యాగులోంచే ఒక అట్ట తీసిచ్చి కారెక్కింది. ఆవిడ ఆ అట్టను మహాప్రసాదంలా తీసుకున్నారు. కోడలు ఇచ్చిన మందు కదా! అయిపోతే మళ్ళీ అడిగి తీసుకున్నారు కూడా. డాక్టరమ్మ మళ్ళీ ఇచ్చింది. మూడు అట్టలిచ్చింది.

ఏం పని? అయిదింటికి లేచి నీళ్ళు పట్టడం పని కాదు. ముగ్గురికి మూడు రకాల బాక్సులు కట్టడం పని కాదు, ఒకరికి కారం ఉండకూడదు, ఒకరికి నూనె ఉండకూడదు, ఇంకొకరికి నిన్నటిది ఇవాళ ఉండకూడదు. తడిసి మణుగైన దుప్పట్లు బకెట్లో మోసుకుంటూ మేడెక్కి ఆరేయడం పని కాదు. పిల్లకు జ్వరమొస్తే కూర్చుని కాపు కాయడం, గ్యాసు బండను స్టవ్ గట్టు కింది దాకా దొర్లించడం, అరవై ఏడేళ్ళ మనిషి స్టూలెక్కి ఫ్యాను తుడవడం, ఏదీ పని కాదు. అడిగిన కోడలూ అనుకోలేదు, చెప్పిన అత్తగారూ అనుకోలేదు! ఏ మగ రోగి అయినా “మా ఆఫీసు మెట్లెక్కుతుంటే వస్తోంది” అంటే డాక్టరమ్మ ఆ మెట్లెన్నో లెక్కపెట్టించి మరీ రాసుకునేది. అత్తగారు దుప్పట్లు మేడ మీద ఆరేయడం మానేసి బాల్కనీలో ఆరేస్తుంటే, “ఇక్కడ ఎండ తగలదు కదా అత్తయ్యా, వాసన పట్టేస్తాయి” అంది. ఛీ, ఆ మాట గుర్తొచ్చి డాక్టరమ్మకు తలకొట్టేసినట్టయింది. ఆవిడ మెట్లెక్కలేకపోతున్నారని కళ్ళెదురుగా కనిపిస్తుంటే, తనకు దుప్పట్ల వాసన కనిపించింది.

అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. పోయిన నెలే ఒక సభలో రెండు వందల మంది డాక్టర్ల ముందు ఆమె గంటసేపు ఉపన్యసించింది. ఆడవాళ్ళ గుండెనొప్పి మగవాళ్ళ నొప్పిలా ఉండదు, దవడలో ఉంటుంది, వీపులో ఉంటుంది, నీరసంలా ఉంటుంది, డాక్టర్లు గ్యాస్ అని పంపించేస్తారు అని బల్ల గుద్ది చెప్పింది. చప్పట్లు మోగిపోయాయి. ఆ రోజు కట్టుకెళ్ళిన చీరకు ఇస్త్రీ చేసింది అత్తగారే. మధ్యలో రెండుసార్లు ఆగి, కుర్చీలో కూర్చుని, మళ్ళీ లేచి చేశారు.

యాంజియోగ్రామ్ పెద్దాయన చేస్తానన్నారు. సొంతవాళ్ళకు చెయ్యి పెట్టకపోవడమే మంచిదని డాక్టరమ్మ అద్దం వెనక గదిలో నిలబడింది. తెర మీద నల్లటి కొమ్మల్లా రక్తనాళాలు కనబడ్డాయి. గుండె ముందువైపుకు దిగే పెద్ద నాళం మొదట్లో బాగానే ఉంది, కాస్త కిందికొచ్చేసరికి సూది మొనంత సందు తప్ప ఏమీ లేదు. దాని చుట్టూ సున్నం తెల్లగా గోడ కట్టుకుని ఉంది. రెండోవైపు నుంచి సన్నసన్నటి పిల్ల నాళాలు అడ్డంగా పాకి, అందని చోటుకు ఎలాగో రక్తం చేరవేస్తున్నాయి. అలాంటివి ఒక్కరోజులో పుట్టవు. దారి ఇరుకై నెలలు గడిస్తే, గుండె తన తంటాలేవో తాను పడి పక్కదారులు వేసుకుంటుంది.

పెద్దాయన తెర వైపే చూస్తూ అన్నారు, “ఇది ఇవాళ్టిది కాదు. తక్కువలో తక్కువ ఏడాదై ఉంటుంది.” తర్వాత అద్దం వైపు తిరిగి, నిజంగానే తెలియక అడిగారు. “ఈవిడ మీ ఇంట్లోనే ఉంటారా?”

డాక్టరమ్మ తలూపింది.

పెద్దాయన తీగ పంపారు. అతి కష్టం మీద తీగ దూరింది గానీ, దాని వెనక బెలూన్ అంగుళం కూడా కదల్లేదు. రెండోసారి, మూడోసారి. ఆయన బయటికొచ్చి మాస్కు కిందికి లాగారు. “ఇది నా వల్ల అయ్యేది కాదమ్మా. డ్రిల్లింగు పడాల్సిందే. వేరే ఆస్పత్రికి పంపుదామంటే రెండు గంటల దారి, దారిలో మూసుకుపోతే మనం చేసేదేమీ లేదు. ఆపరేషన్ చేసి పక్కదారి వేద్దామన్నా ఆవిడ బీపీ నిలబడటం లేదు. నువ్వే చెయ్యాలి. నేను పక్కన ఉంటాను.”

వరండాలోకి వచ్చి భర్తకు చెప్పింది. ఆయన మొహంలో రంగులు మారాయి.

“నువ్వా? పెద్దాయన్నే చెయ్యమనొచ్చుగా! నీ చెయ్యి వణికితే?”

“ఆయనకు రాదండీ ఈ పని. ఇక్కడ నాకు ఒక్కదానికే వచ్చు.”

“ఇంట్లో గుండె డాక్టరుండి మా అమ్మకు ఈ గతి పట్టిందంటే నలుగురూ ఏమంటారు? రోజూ చూస్తూనే ఉంటావుగా, ఏం చేస్తున్నావు ఇన్నాళ్ళూ?”

ఆ దెబ్బ సూటిగా తగిలింది. ఇంకో రోజైతే “మీరు చూడలేదా?” అని తగువేసుకునేదే. ఇప్పుడు ఆ ఓపిక లేదు, ఆ హక్కూ లేదనిపించింది. ఆయనే మళ్ళీ గొంతు తగ్గించి అడిగాడు, “పోనీలే... అమ్మ మళ్ళీ మామూలుగా తిరగడానికి ఎన్నాళ్ళు పడుతుంది? పిల్లకు వచ్చే నెల పరీక్షలు. నాకు ఆడిట్. ఇంట్లో ఎవరో ఒకరు చూసుకోవాలిగా.”

తల్లి బతుకుతుందా అని ఇంకా అడగలేదు ఈ మనిషి! ఎప్పుడు లేచి పనిచేస్తుందని అడుగుతున్నాడు. అడుగుతున్న సంగతి ఆయనకే తెలియదు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి, అబద్ధపు నీళ్ళు కావు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

నర్సు అనుమతి కాగితం తెచ్చింది. భర్త జేబులోంచి పెన్ను తీసి చెయ్యి చాచాడు. డాక్టరమ్మ ఆ కాగితం తాను అందుకుంది. “అత్తయ్య మెలకువగానే ఉన్నారు” అని లోపలికి వెళ్ళిపోయింది.

అత్తగారు కళ్ళజోడు అడిగి పెట్టించుకున్నారు. కాగితమంతా పైనుంచి కింది దాకా, పెదాలు కదుపుతూ చదివారు. ఒకచోట వేలు ఆపి, “నూటికి అయిదుగురు పోవచ్చని రాశారేమిటి?”

“అవునత్తయ్యా. తొంభై అయిదు మంది బాగుంటారు.”

“తొంభై అయిదా? ఫర్వాలేదులే. నా మనవరాలికి లెక్కల్లో అన్ని మార్కులొస్తే ఇల్లెగిరిపోయేలా సంబరం చేస్తారు మీరు.” నవ్వబోయి ఆయాసపడ్డారు. “ఎవరు చేస్తారు?”

“నేనే.”

“నిన్ను చెయ్యనిచ్చారా వాళ్ళు?” అని ఆవిడ వింతగా చూసి సంతకం పెట్టారు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, మెల్లగా దిద్దినట్టు పెట్టారు. ఆవిడ పేరు అంత పొడుగని డాక్టరమ్మకు అప్పుడే తెలిసింది.

తర్వాతి గంటలో ఏం జరిగిందో చెప్పడం తేలిక, చెయ్యడమే కష్టం. మణికట్టులోంచి గొట్టం వెళ్ళింది. డ్రిల్లు సన్నగా, దోమ పాట పాడినట్టు మోగింది. కాస్త ముందుకు, మళ్ళీ వెనక్కి, ఊపిరి బిగబట్టి మళ్ళీ ముందుకు. బీపీ ఒకసారి జారిపోయింది. “ఆపుదామా?” అన్నారు పెద్దాయన. “వద్దండీ” అంది డాక్టరమ్మ. చెయ్యి వణకలేదు. ఆశ్చర్యం, ఆ చెయ్యి ఎప్పుడూ లేనంత నిలకడగా ఉంది. సున్నం గోడ నలిగి దారిచ్చింది. దానిలోకి బెలూన్ పంపింది.

ఇలాంటప్పుడు రోగికి మత్తు ఉండదు. చేతికి చిన్న ఇంజెక్షను తప్ప అంతా మెలకువగానే జరుగుతుంది. బెలూన్ ఊదిన ఆ అర నిమిషం రక్తం ఆగిపోతుంది కాబట్టి ఛాతీలో అసలైన గుండెనొప్పి వస్తుంది. అప్పుడు డాక్టర్లందరూ ఒకే ప్రశ్న అడుగుతారు, ఇన్నాళ్ళూ వచ్చింది ఈ నొప్పేనా అని. డాక్టరమ్మ వేల మందిని అడిగి ఉంటుంది. అలవాటు కొద్దీ ఇప్పుడూ అడిగింది.

“అత్తయ్యా, ఇప్పుడు నొప్పొస్తుంది, ముప్పై లెక్కపెట్టేలోపు పోతుంది. మీకు అప్పుడప్పుడూ వస్తోందన్నది ఇదేనా?”

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. పళ్ళ బిగువున భరించి, బెలూన్ దింపాక, ఊపిరి తీసుకుంటూ చెప్పారు.

“ఇదే. అప్పుడప్పుడూ ఏమిటి, రోజూ వచ్చేదే. పొద్దున్న ఏడున్నరకి.”

పెద్దాయన తెర మీంచి కళ్ళు తిప్పి ఆవిడ వైపు చూశారు.

“బాక్సులు కట్టేటప్పుడమ్మా. నువ్వు పక్కనే ఉండేదానివిగా ఫోన్లో మాట్లాడుతూ. వాళ్ళకీ వీళ్ళకీ గుండె సంగతులు చెప్తూ. నేను గట్టు పట్టుకుని కాసేపు వంగి నిలబడేదాన్ని. నువ్వు నా వైపు చూసి, ఆలస్యమవుతోంది అత్తయ్యా అనేదానివి.” ఆవిడ గొంతులో నిష్ఠూరం రవ్వంత కూడా లేదు. నిన్నటి వంట గురించి చెప్పినట్టే చెబుతున్నారు. “నువ్వు గుండె డాక్టరువి కదా, కళ్ళారా చూసి కూడా ఏమీ అనలేదంటే ఇది మామూలేననుకున్నా. ఆడవాళ్ళకు ఈ వయసులో ఇలాగే ఉంటుందేమో అనుకున్నా.”

డాక్టరమ్మ నిలువునా నీరైపోయింది. నెలల తరబడి అత్తగారు వచ్చి తన ముందు నిలబడి, నోరు విప్పకుండా వైద్యం అడిగారు. తాను నోరు విప్పకుండా జవాబిచ్చింది. ఏమీ లేదు, పొండి, బాక్సు మూత బిగించండి అని. ఆ జవాబును ఆవిడ చీటీ మీద రాసిచ్చిన మందులా నమ్మారు. చేతులు రెండూ గొట్టాల మీద ఉన్నాయి, కళ్ళు తుడుచుకోవడానికి కూడా వీల్లేదు. కన్నీళ్ళు మాస్కులోకి కారిపోతున్నాయి. పక్కనున్న టెక్నీషియన్ తల దించుకున్నాడు.

“స్టెంట్ ఇవ్వండి” అంది. స్టెంట్ దించింది, సరిచూసింది, ఊదింది. తెర మీద అప్పటిదాకా ఖాళీగా ఉన్నచోట నల్లటి కొమ్మ ఒక్కసారిగా చివరి దాకా నిండింది. పెద్దాయన “శెభాష్” అన్నారు. ఆమె వినలేదు.

“నేను చూడలేదు అత్తయ్యా” అంది.

“ఊఁ?”

“మీరు నా ముందే ఉన్నారు. నేను ఒక్కరోజు కూడా మీ వైపు చూడలేదు. చూసి ఏమీ లేదనడం కాదు. అసలు చూడలేదు.”

“ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, తర్వాత మాట్లాడుకోండి” అన్నారు పెద్దాయన ఇబ్బందిగా. అత్తగారు ఆయన్ని పట్టించుకోలేదు. పైకప్పు వైపు కళ్ళు తిప్పారు. ఆవిడ మొహంలో మొదట అపనమ్మకం, తర్వాత కోపంలాంటిదేదో కనిపించింది. ఆ మొహంలో కోపం చూడటం డాక్టరమ్మకు పదహారేళ్ళ కాపురంలో అదే మొదటిసారి.

“అయితే ఇది మామూలు కాదన్నమాట” అన్నారు చివరికి.

“కాదత్తయ్యా.”

“అయితే నేనింక ఆ వంటింట్లోకి వెళ్ళను.”

పెద్దాయన నవ్వారు. “అలాగేనండీ, నెల రోజులు పూర్తి విశ్రాంతి. నేనే రాసిస్తాను.”

“నెల కాదు నాయనా. ఇంక వెళ్ళను అంటున్నా.”

నవ్వు ఆగిపోయింది. డాక్టరమ్మ చేతి తొడుగులు తీసి, ఆవిడ చల్లటి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. “వెళ్ళొద్దు అత్తయ్యా. బయటికెళ్ళి ఆయనకు ఇప్పుడే చెబుతాను.”

“నువ్వు చెప్పకు. నువ్వు చెప్తే కోడలు నూరిపోసిందంటాడు.” అత్తగారు చెయ్యి విడిపించుకుని, చెదిరిన జుట్టు వెనక్కి తోసుకున్నారు. “వాణ్ణి లోపలికి పిలువు. నేనే చెప్తాను.”